ఉస్సూరి ఒడ్డున జరగని యుద్ధం

చరిత్రలో "అలా జరిగి ఉంటే" అన్న మాటకు తావు లేదంటారు. నిజమే. కానీ జరగబోయి ఆగిపోయినదాన్ని ఊహించి చూస్తేనే, అది ఆగడం ఎంత చిన్న ఆధారం మీద నిలిచిందో తెలుస్తుందని నాకనిపిస్తుంది. చాలాకాలంగా నన్ను వెంటాడుతున్న అటువంటి యుద్ధం ఒకటుంది: 1969లో సోవియట్ యూనియన్, చైనాల మధ్య రావలసి రాకుండా పోయిన యుద్ధం.

చిన్నతనంలో మా ఊరి గ్రంథాలయంలో "సోవియట్ భూమి" తిరగేస్తూ, శ్రామిక రాజ్యాలు ఒకదానిపై ఒకటి దండెత్తవని గట్టిగా నమ్మినవాణ్ణి నేను. ఆ నమ్మకాన్ని బీటలు వార్చింది ఉస్సూరి నదిలోని ఒక దీవి. రష్యన్లు దమాన్‌స్కీ అనీ, చైనీయులు జెన్‌బావో అనీ పిలిచే దాని విస్తీర్ణం ఒక చదరపు కిలోమీటరైనా ఉండదు. 1969 మార్చి 2న గడ్డకట్టిన ఆ నదిపై 31 మంది సోవియట్ సరిహద్దు సైనికులు మరణించారు. 15న ట్యాంకులతో, ఫిరంగులతో మళ్ళీ పోరు జరిగింది. 21న సోవియట్ ప్రధాని కొసిగిన్ మావోతో మాట్లాడాలని ఫోను చేస్తే, పెకింగ్ ఆపరేటరు ఆయనను రివిజనిస్టు అని తిట్టి, లైను కలపలేదు! ఆగస్టు 13న సిన్‌జియాంగ్ సరిహద్దులోనూ నెత్తురు చిందింది. అదే నెలలో ఒక సోవియట్ దౌత్యవేత్త, చైనా అణుకేంద్రాలపై దాడి జరిగితే అమెరికా వైఖరి ఏమిటని వాషింగ్టన్‌లో ఆరా తీశాడు.

సెప్టెంబరులో హోచిమిన్ సంతాప కార్యక్రమానికి హనోయ్ వెళ్ళిన కొసిగిన్, తిరుగు ప్రయాణంలో తజికిస్తాన్ చేరాక గానీ చైనా నుండి కబురందలేదు. ఆయన విమానాన్ని మళ్ళించుకుని, 11న పెకింగ్ విమానాశ్రయంలోనే చౌ ఎన్‌లైతో మూడు గంటలకు పైగా మాట్లాడాడు. నా ఊహ ఇక్కడే మొదలవుతుంది. ఆ కబురు అందకపోయి ఉంటే? లేదా ఆయన అలసిపోయి, నేరుగా మాస్కో చేరి ఉంటే?

యుద్ధం వచ్చి ఉంటే తొలి ఘట్టం సోవియట్ సైన్యానిదే అయ్యేదనుకుంటాను. 1945 ఆగస్టులో దాదాపు 15 లక్షలమందితో అది మంచూరియాను రెండు వారాల్లోపే చుట్టేసింది. గోబీ ఎడారి దాటే దారి దానికి కొత్త కాదు. కానీ 1945లో లొంగిపోవడానికి ఒక చక్రవర్తి ఉన్నాడు. 1969లో ఎదురుగా ఉన్నది దాదాపు 80 కోట్ల జనమూ, శత్రువును లోపలికి రానిచ్చి నలిపెయ్యాలన్న మావో యుద్ధనీతీ. చైనా అప్పటికే 1964 నుండి పరిశ్రమలను లోతట్టు కొండ ప్రాంతాలకు తరలిస్తోంది. మరోవైపు మాస్కో నుండి వ్లాదివోస్తోక్ దాకా 9,288 కిలోమీటర్ల రైలుమార్గం, చివరి భాగంలో సరిహద్దును ఆనుకునే పోతుంది. దాన్ని నాలుగుచోట్ల తెంపితే తూర్పు సైన్యానికి తిండీ, ఇంధనమూ అందేవి కావు. పట్టుకున్న పట్టణాలు నిలుపుకోలేక, వదిలి రాలేక, ఏళ్ళ తరబడి సాగే యుద్ధమయ్యేది. చివరికి ఎవరో ఒకరి చెయ్యి అణ్వస్త్రం మీదికి పోయేది. 1967 నాటికే చైనా వద్ద హైడ్రోజన్ బాంబు ఉంది.

ఇక మనవాళ్ళ సంగతి? 1964లోనే భారత కమ్యూనిస్టు పార్టీ చీలింది. 1969లో శ్రీకాకుళం కొండల్లో చైనా మార్గమే శరణ్యమని ప్రాణాలొడ్డినవారున్నారు. అదే కాలంలో మాస్కోను నమ్ముకుని బతికినవారూ ఉన్నారు. ఆ యుద్ధమే వచ్చి ఉంటే, ఒకే ఇంట్లో అన్నదమ్ములు ఏ ముఖంతో ఒకరినొకరు కామ్రేడ్ అని పిలుచుకునేవారు?

ఊహను ఇక్కడ ఆపి వాస్తవానికి వస్తాను. 1979 ఫిబ్రవరి 17న చైనా వియత్నాంపై దండెత్తినప్పుడు, కమ్యూనిస్టు దేశాలు పరస్పరం యుద్ధం చెయ్యవన్న మాటకు మిగిలిన కాస్త గౌరవమూ పోయింది. అంటే 1969లో మహాయుద్ధాన్ని ఆపినది సిద్ధాంతం కాదు. ఒకే సిద్ధాంతాన్ని పఠించే ఇద్దరు వృద్ధులు, దాన్ని కాసేపు పక్కనపెట్టి ఒక విమానాశ్రయంలో కూర్చుని మాట్లాడుకోవడం.

1991 నాటి సరిహద్దు ఒప్పందంతో ఆ దీవి చైనాకు దక్కింది. కాగితంమీద, చర్చలతో. అక్కడ మంచులో పడిపోయిన ఇరువైపుల కుర్రవాళ్ళకు ఆ సంగతి చెప్పగలిగేవారెవరు?