మలివయసుకు తగిన ఇల్లు: భివండీ, పూర్ణ పరిసరాలలో గృహ ప్రణాళిక

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. తెలంగాణ జిల్లాల నుండి వచ్చి భివండీలోని పద్మనగర్, కామత్‌ఘర్ ప్రాంతాలలో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలలో సాంచాలపై మీటరు లెక్కన కూలి తీసుకున్నవారు ఎందరో ఉన్నారు. పింఛను లేని కార్మికునికి స్వగృహమే వృద్ధాప్యపు పొదుపు. కనుక ఇల్లు నలభయ్యవ ఏట కట్టినను, డెబ్బయ్యవ ఏటి అవసరాలను దృష్టిలో ఉంచుకొని కట్టుట శ్రేయస్కరం.

స్థలం, అనుమతులు

ఠాణే-భివండీ మార్గంలో గోదాముల నడుమ ఉన్న పూర్ణ వంటి గ్రామాలలో స్థలం కొనదలచినవారు ముందుగా సాత్-బారా ఉతారాను, భూ వినియోగ స్థితిని పరిశీలించవలెను. నిర్మాణ అనుమతి నగరంలో నగరపాలక సంస్థ నుండి, చుట్టుపక్కల ప్రకటిత గ్రామాలలో ఎం.ఎం.ఆర్.డి.ఎ. నుండి పొందవలసి ఉంటుంది. ఇది కేవలం కాగితాల వ్యవహారం కాదు. 2020 సెప్టెంబరు 21న భివండీలో జిలానీ భవనం కూలి ముప్పై మందికి పైగా మరణించారు. 2023 ఏప్రిల్ 29న వల్‌పాడలో క్రింద గోదాము, పైన నివాసాలు గల భవనం కూలి 8 మంది అసువులు బాసారు.

క్రింద పని, పైన కాపురం

క్రింది అంతస్తులో సాంచాలు, పైన కాపురం ఉండుట ఇక్కడి పాత అలవాటు. ఏళ్ళ తరబడి నిలబడి పనిచేసిన మోకాళ్ళకు ఆ మెట్లే తరువాత అడ్డంకి అవుతాయి. పెద్దలు మేడ దిగలేక ఇంటికే పరిమితమవుతారు. కావున క్రింది అంతస్తులో ఒక పడకగది, దానిని ఆనుకొని స్నానాల గది ఉండునట్లు మొదటి నక్షాలోనే చూడవలెను. సాంచాల శబ్దానికి వినికిడి తగ్గినవారి కొరకు పిలుపు గంటతో పాటు వెలిగే దీపం అమర్చుట మేలు.

కొలతలు

వీల్‌చెయిర్ సులువుగా పోవుటకు ద్వారం 900 మిల్లీమీటర్లు, అనగా మూడు అడుగుల వెడల్పు, అది తిరుగుటకు 1,500 మిల్లీమీటర్ల వ్యాసం గల ఖాళీ కావలెను. ర్యాంపు వాలు 1:12కు మించరాదు. వర్షాకాలంలో కామ్వారీ నది పొంగే ప్రాంతంలో ఇంటి మట్టం పెంచక తప్పదు. మట్టం రెండు అడుగులైతే ర్యాంపు 24 అడుగుల పొడవు కోరుతుంది. చిన్న స్థలంలో దానిని ఇంటి ప్రక్క గోడ వెంట మలుపు తిప్పవచ్చును. అదియు కుదరనిచో ఆరంగుళాల ఎత్తు, పన్నెండంగుళాల వెడల్పు గల మెట్లు వేసి, ఇరువైపులా చేతిపట్టీలు బిగించవలెను.

స్నానాల గదిలో జారని పలకలు, కమోడు, పట్టుకొనుటకు గోడ కడ్డీలు అవసరం. తలుపు బయటకు తెరుచుకొనవలెను. లోపల పడిపోయినవారు తలుపునకు అడ్డుగా ఉన్నప్పటికీ, అప్పుడు సహాయం అందించవచ్చును.

ఇల్లు ఎవరి పేరున?

పిల్లలు వేరే ఊళ్ళకు పోవునప్పుడు ఇంటిని ముందుగానే వారి పేరున వ్రాయుట కద్దు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 23వ సెక్షన్ ప్రకారం, పోషణ షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినచో, ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. ఆ షరతుతో ఇచ్చినట్లు రుజువు కానిచో ఈ రక్షణ దొరకదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో వృద్ధుల పక్షాన చట్టాన్ని ఉదారంగా అన్వయించినను, షరతును స్పష్టంగా వ్రాయించుటయే క్షేమం. దానపత్రం కంటె వీలునామా మరింత భద్రం. జీవించి ఉన్నంతకాలం యాజమాన్యం పెద్దలదే, వీలునామాను మార్చుకొను హక్కు కూడ వారిదే.

స్వగ్రామంలో ఒక ఇల్లు, భివండీలో ఒక ఇల్లు అని పొదుపును రెండుగా చీల్చుటకు ముందు, నడవలేని రోజున ఎక్కడ ఉండెదమో దంపతులిద్దరూ కలిసి నిర్ణయించుకొనవలెను. వైద్యశాల, మందుల దుకాణం, పిలిస్తే పలికే బంధువులు ఎక్కడ దగ్గరగా ఉంటే, ఉన్న సొమ్ము అక్కడి ఇంటిపై వెచ్చించుట ఉచితం.