అయస్కాంతం ఎక్కడా జారలేదు: 1971 ఫియట్ స్పైడర్, దాన్ని చేసిన వలసోళ్ళు

పొడుగు పోస్టు పెట్టక చాన్నాళ్ళయింది. పోయిన నెల మా షార్జా గ్యారేజీకి ఒక బండి వచ్చింది. దాని గురించి రాద్దామని మేం ముగ్గురం శుక్రవారం కూర్చున్నాం. ఒకరిది డెంటింగ్, ఒకరిది పెయింటింగ్, ఒకరిది ఇంజను పని. ముగ్గురం జగిత్యాల వైపువాళ్ళమే. టైపు కొట్టేది ఒక్కరే గానీ మాట ముగ్గురిదీ.

బండి పేరు ఫియట్ 124 స్పోర్ట్ స్పైడర్, 1971 మోడల్. రెండే తలుపులు, పైన మడిచే గుడ్డ టాపు, ముదురు ఎరుపు రంగు. చేసింది ఇటలీలో, తిరిగింది కాలిఫోర్నియాలో, ఇప్పుడు కంటెయినర్‌లో ఇక్కడికి చేరింది. మా అర్బాబ్ ఒక్కటే మాట చెప్పాడు: "మొత్తం గీకేసి కొత్త పెయింట్ కొట్టండి, అద్దంలా మెరవాలి." ఆ మాటకు మేం ఎదురు చెప్పాం. జీతం తీసుకునే చోట ఎదురు చెప్పడం ఎట్లుంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ముందు బండి ఎట్లా ఉందో చెప్తాం. పాత కారు వస్తే మాలో డెంటింగ్ చేసే అన్న మొదట జేబులోంచి అయస్కాంతం తీస్తాడు. పల్చటి గుడ్డ చుట్టి తలుపుల కింది అంచులు, చక్రాల మీది వంపులు, డిక్కీ మూలలు అన్నీ తడుముతాడు. రేకు ఉన్నచోట అది పట్టుకుంటుంది, పుట్టీ నింపిన చోట జారిపోతుంది. మెరిసే పెయింట్ కింద అరచేయంత మందం పుట్టీ ఉన్న బండ్లను మేం చాలానే చూశాం. దీని మీద అయస్కాంతం ఎక్కడా జారలేదు.

తర్వాత కిందికి దూరాం. ఈ మోడల్‌కు తుప్పు పట్టే జాగాలు పని తెలిసినోళ్ళకు తెలిసినవే. ముందు సస్పెన్షన్‌ను మోసే అడ్డ దూలం, షాకబ్జర్లు బిగించే టవర్లు, తలుపుల కింద సిల్లులు, కాళ్ళ కింద ఫ్లోరు. అప్పట్లో ఇటలీ కార్లన్నీ తుప్పుకు పేరుమోసినవే. రష్యా ఇనుము వాడారు కాబట్టి అని ఒక కథ చెప్తుంటారు. మేం ఆ కథ నమ్మం. సిల్లు లోపల డొల్లగా ఉంటుంది, నీళ్ళు పోతే బయటికి రావు, లోపలి వైపు మందు సరిగా పూయలేదు. ఇక ఏ దేశం ఇనుమైనా తినేస్తుంది. ఈ బండి ఎండుగా ఉండే ఊళ్ళో, షెడ్డు కింద బతికింది కాబట్టి మిగిలింది. సుత్తి పిడితో కొడితే దూలం గంటలా మోగింది.

ఎండ మాత్రం తన గుర్తు వదిలిపెట్టింది. డాష్‌బోర్డు మీది చెక్క పగిలింది. బానెట్ అంచుల్లో పెయింట్ అరిగి కింది పొర కనబడుతోంది. క్లచ్ పెడల్ రబ్బరు ఒకవైపే అరిగింది. వేలియా కంపెనీ మీటర్లు అన్నీ ఆడుతున్నాయి, స్పీడు మీటరు మైళ్ళలో ఉంది. గ్లవ్ బాక్సులో ఒక కట్ట కాగితాలు, పాత బిల్లులు దొరికాయి. ఇంజను ముందున్న బెల్టు కవరు మీద చిన్న చిన్న స్టిక్కర్లు, ఎవరెవరో మెకానిక్‌లు టైమింగ్ బెల్టు మార్చిన తేదీ, మైళ్ళు రాసి అతికించినవి. ఒకదాని కింద ఒకటి, నాలుగున్నాయి.

ఆ స్టిక్కర్లు ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే ఇంజను చేసినాయన దగ్గరికి పోవాలి. పేరు ఔరేలియో లాంప్రెడి. అంతకుముందు ఫెరారీలో రేసు ఇంజన్లు చేసిన మనిషి. ఫియట్‌కు వచ్చి, మామూలు జనం కొనే కారుకు రెండు క్యామ్‌షాఫ్టుల ఇంజను తయారుచేశాడు. ఆ షాఫ్టులను తిప్పడానికి గొలుసు బదులు పళ్ళున్న రబ్బరు బెల్టు పెట్టాడు. చప్పుడు తక్కువ, ఖర్చు తక్కువ. అయితే రబ్బరు రబ్బరే కదా, టైముకు మార్చకపోతే తెగుతుంది. తెగితే పిస్టన్ పోయి వాల్వులను గుద్దుతుంది, అంతటితో ఇంజను పని అయిపోతుంది. కాబట్టి బండి బాగా చూసుకున్నారా లేదా అనేదానికి మెరుపు కన్నా ఆ స్టిక్కర్లే గట్టి సాక్ష్యం. మొదట ఈ ఇంజను 1438 సీసీ. మా దగ్గరికొచ్చినది 1608 సీసీ, ఎత్తు పెరిగింది కాబట్టి బానెట్ మీద రెండు ఉబ్బులుంటాయి. అయిదు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. మన దగ్గర మొన్నమొన్నటి దాకా చిన్న కార్లకు వెనక డ్రమ్ములే కదా!

బాడీ ఫియట్ సొంతంగా గీసింది కాదు. టురిన్‌లోని పినిన్‌ఫరీనా వాళ్ళది. ఆ పేరు వెనక ఒక ముచ్చట ఉంది. కంపెనీ పెట్టినాయన అసలు పేరు బాతిస్తా ఫరీనా. పెద్ద కుటుంబంలో చిన్నోడు కాబట్టి ఇంట్లో "పినిన్" అనేవాళ్ళు, వాళ్ళ యాసలో చిన్నోడనే అర్థం. మనం బుజ్జి అన్నట్టు. చిన్నప్పుడే అన్న వర్క్‌షాపులో రేకు పనికి చేరాడు. 1930లో సొంత కంపెనీ పెట్టాడు. 1961లో ఆ దేశ అధ్యక్షుడి ఉత్తర్వుతో ముద్దుపేరు, ఇంటిపేరు కలిపి పినిన్‌ఫరీనా అని అధికారికంగా మార్చుకున్నాడు. రేకు కొట్టినోడి ముద్దుపేరు కార్ల మీద బ్యాడ్జి అయిందంటే మాలో డెంటింగ్ అన్నకు భలే సంతోషం. 1966 ఏప్రిల్‌లో ఆయన పోయాడు. అదే ఏడాది నవంబరులో టురిన్ మోటార్ షోలో ఈ స్పైడర్‌ను జనానికి చూపించారు.

గీసినాయన ఇటలీవాడు కూడా కాదు. టామ్ జార్డా, 1934లో అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టాడు. వాళ్ళ నాన్న హాలెండ్ నుంచి అమెరికాకు వలస పోయిన కార్ల డిజైనర్. కొడుకు పని వెతుక్కుంటూ తిరిగి యూరప్‌కే వచ్చి టురిన్‌లో కుదురుకున్నాడు. స్పైడర్‌కు ముందు 1963లో పారిస్ షో కోసం కార్వెట్ మీద ఒక్కటే ఒక్క కారు గీశాడు, పేరు రోండినే. ఇటాలియన్‌లో అది వానకోయిల పేరు, కాలం మారితే దేశం మారే పిట్ట. ఆ కారు వెనక భాగం చూసి మా స్పైడర్ వెనక భాగం చూస్తే, రెండూ ఒకే చేతివని తెలిసిపోతుంది.

ఇంతవరకూ పేర్లున్న మనుషులు. పేర్లు లేని వాళ్ళ దగ్గరికే మేం అసలు రావాలనుకున్నది.

టురిన్ ఇటలీకి ఉత్తరాన ఉంది. అప్పట్లో దక్షిణాన సిసిలీ, కలాబ్రియా, పూలియా అంతా కరువు, అప్పులు, కౌలు భూములు. 1950లు, 60లలో అక్కడి పిల్లలు లక్షల్లో ఉత్తరానికి కదిలారు. సిసిలీ నుంచి టురిన్‌కు ఒక రైలు ఉండేది, దాని పేరు "సూర్యుడి రైలు". సూర్యుడు వెనకే ఉండిపోయేవాడు, రైలు చలిలోకి పోయేది. 1951లో ఏడు లక్షల పైచిలుకున్న టురిన్ జనాభా 1971కి పదకొండు లక్షలు దాటింది. ఫియట్ వాళ్ళ మిరాఫియోరి ప్లాంటులోనే యాభై వేలమందికి పైగా పనిచేసేవాళ్ళు. కొత్తగా లైను మీద నిలబడినవాళ్ళలో ఎక్కువమంది ఈ దక్షిణాదివాళ్ళే.

ఒకే దేశం, ఒకే పాస్‌పోర్టు. అయినా టురిన్‌లో ఇళ్ళ ముందు "దక్షిణాదివాళ్ళకు అద్దెకివ్వం" అని బోర్డులు పెట్టారు. వాళ్ళను "తెర్రోనీ" అనేవాళ్ళు, మట్టి పిసుక్కునేవాళ్ళని తిట్టు. రూముల్లో ఒక్కో మంచాన్ని షిఫ్టుల వారీగా పంచుకున్నారు. పగటి షిఫ్టువాడు లేవగానే రాత్రి షిఫ్టువాడు పడుకునేవాడు. ఇది చదువుతున్నప్పుడు మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా మొదటి క్యాంపు రూములో పన్నెండు మందిమి.

1969లో వాళ్ళు తిరగబడ్డారు. జులై 3న అద్దెల మీద, ప్లాంటులో పని వేగం మీద కోపం కోర్సో ట్రయానో అనే రోడ్డు మీద పోలీసులతో పెద్ద కొట్లాట అయింది. ఆ శరత్కాలమంతా సమ్మెలే, దానికి "వేడి శరత్తు" అని పేరు. ఆ ఏడాది ఆఖరున మెటల్ కార్మికుల ఒప్పందంలో వారానికి 40 గంటల పని సాధించుకున్నారు, అది కొన్నేళ్ళలో మెల్లగా అమలైంది. 1970 మేలో కార్మికుల హక్కుల చట్టం వచ్చింది. మా దగ్గరున్న బండి దాని మరుసటి ఏడాదిది. ఆ బోల్టులు బిగించిన చేతులు అప్పుడే ఆ రోడ్డు మీంచి వచ్చిన చేతులు.

తర్వాత కథ మనకు ఇంకా దగ్గరిది. 1973లో నూనె ధర ఎగిరింది. ఆ డిసెంబరు నుంచి ఇటలీలో ఆదివారాలు కార్లు తిప్పొద్దన్నారు, జనం నడిచిపోయారు, సైకిళ్ళు తొక్కారు. అదే నూనె పైసలతో ఇక్కడ ఎడారిలో రోడ్లు, బిల్డింగులు లేచాయి, మన తాతలు, నాయినలు వీసాలు పట్టుకుని దిగారు. అక్కడ పని పోయిన కాలమే ఇక్కడ పని పుట్టిన కాలం. 1980లో ఫియట్‌లో 35 రోజుల సమ్మె ఓడిపోయింది, 23 వేలమందిని ఇంటికి పంపారు.

స్పైడర్ మాత్రం అమెరికా పుణ్యాన 1985 దాకా నడిచింది. మొత్తం దాదాపు రెండు లక్షల బండ్లు, ఎక్కువ భాగం అక్కడే అమ్మారు. అక్కడి రూల్స్ కోసం తర్వాతి మోడళ్ళకు లావు రబ్బరు బంపర్లు తగిలించారు, మా కళ్ళకు అవి అస్సలు నచ్చవు. అక్కడ ఫియట్ మీద ఒక జోకు కూడా ఉండేది. ఆ నాలుగు అక్షరాలకు అర్థం "ఫిక్స్ ఇట్ అగైన్ టోనీ" అని, అంటే "మళ్ళీ బాగుచెయ్యి టోనీ". టోనీ ఎవరు? ఇటలీ నుంచి వలసపోయిన మెకానిక్. అందరూ కారును చూసి నవ్వుతారు, మాకు మాత్రం ఆ టోనీ మీదే ధ్యాస.

ఇదే 124 సెడాన్‌ను రష్యావాళ్ళు టొల్యాట్టి ఊళ్ళో లాడాగా చేశారు. మన బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ, పద్మిని చేసిన ఆ కంపెనీయే, 1980ల నడుమ ఆ పాత బాడీకి నిస్సాన్ ఇంజను పెట్టి 118 ఎన్‌ఈ అని అమ్మింది. గుర్తొచ్చిందా? ఊళ్ళో పెద్ద డాక్టరు ఇంటి ముందు నిలబడే చదరపు కారు. మా స్పైడర్‌కు అది దగ్గరి చుట్టం.

ఇక పెయింట్ సంగతి. అర్బాబ్‌కు చెప్తే ఒప్పుకోలేదు. సరే, బండి ఓనరు వచ్చిన రోజు మేమే లైటు పెట్టి చూపించాం. డిక్కీ లోపల, తలుపు అంచుల్లో ఉన్నది ఫ్యాక్టరీలో కొట్టిన పెయింటే. దాన్ని ఒక్కసారి గీకితే మళ్ళీ ఎవడూ తేలేడు. పైన పాలిష్ చేద్దాం, పగిలిన చెక్క అతికిద్దాం, బెల్టు, హోసులు, బ్రేకు ఆయిల్ మారుద్దాం, సిల్లుల లోపల మైనం మందు కొడదాం, చాలు అన్నాం. ఆయన బానెట్ మీద అరిగిన జాగాను వేలితో రాసి, కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత సరే అన్నాడు. పెద్ద పని పోయింది, దాంతో మా ముగ్గురి ఓవర్‌టైము కూడా పోయింది. అర్బాబ్ రెండు రోజులు మాతో మాట్లాడలేదు. పైసలు నిజంగానే నష్టం, దాచేదేం లేదు. పెయింటింగ్ తమ్ముడికి ఆ నెల ఇంటికి తక్కువ పంపాల్సి వచ్చింది.

బండి పోయే సాయంత్రం మాలో ఒకరు ట్రయల్‌కు తీశాం. సీట్లో కూర్చునే రెండు క్లిప్పులు వదిలి, చేయి వెనక్కి ఊపితే టాపు మడిచిపోతుంది, ఇంకొకరి సాయం అక్కర్లేదు. సనాయా రోడ్డు, లారీల మధ్య, పైన ఆకాశం. మూడో గేరులో ఇంజను మోత మారుతుంది, అది రాసి చెప్పలేం.

బెల్టు కవరు మీద నాలుగు స్టిక్కర్ల కింద అయిదోది అతికించాం. తేదీ, మైళ్ళు రాశాం. కింద మూలకు తెలుగులో మూడు పొడి అక్షరాలు కూడా.

మీలో ఎవరింట్లోనైనా, ఊళ్ళోనైనా 118 ఎన్‌ఈ ఉండి ఉంటే ఫోటో పెట్టండి. రంగు ఏదైనా పర్లేదు.