దీపాలదిన్నె రాయి

అమరావతి స్తూపపు శిల్పాలు లండన్ చేరాక దొరలు వాటిని పాలరాళ్లనే అన్నారు. ఆ మాటే మన పుస్తకాల్లోకీ పాకింది. నిజానికి ఆ రాయి పలనాటి సున్నపురాయి, మన ఇళ్లలో పరిచే నాపరాయికి దగ్గరి చుట్టం.

ఆనవాలు పట్టడం కష్టమేం కాదు. చాకు మొనతో గీస్తే గీత పడుతుంది, గ్రానైటైతే పడదు. రాలిన పొడి మీద నిమ్మరసం పిండితే సన్నగా నురగ లేస్తుంది. ఇసుకరాయి సాధారణంగా ఉలకదు, పలకదు. వంటింటి కడప బండ మీద నిమ్మచెక్క బోర్లిస్తే మచ్చ పడేది అందుకే. పాలరాయి కూడా నురగ కక్కుతుంది కాబట్టి ఇక కన్నే పనిచెయ్యాలి. సున్నపురాయి భూగర్భంలో వేడికి, ఒత్తిడికి కొత్తగా స్ఫటికమైతే పాలరాయి. విరిగినచోట పంచదార పలుకుల్లా మెరుస్తుంది. పలనాటి రాయికి ఆ మెరుపుండదు, అంచు తిప్పి చూస్తే పొరలు కనిపిస్తాయి. యాభై కోట్ల ఏళ్లకు మునుపే సముద్రం అడుగున సున్నపు బురద పేరుకుని గట్టిపడిన పొరలవి. అందులో గవ్వలు వెతక్కండి, గవ్వల ప్రాణులు ఇంకా పుట్టలేదు.

పొరల వెంట పలకలుగా లేస్తుంది, ఉలికి లొంగుతుంది. శిల్పికి అంతకన్నా ఏం కావాలి? చెన్నై మ్యూజియంలోని అమరావతి ఫలకంలో నలగిరి ఏనుగు ఒకే వలయంలో రెండుసార్లు కనిపిస్తుంది: ఒకవైపు వీధిలో చెలరేగుతూ, మరోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లుతూ.

కానీ ఈ రాయిని బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది. స్తూపం కొంప ముంచిందీ ఆ గుణమే. 1797లో సర్వేయర్ కోలిన్ మెకంజీ వచ్చేనాటికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త పట్నం కోసం స్తూపం ఉన్న దీపాలదిన్నెను తవ్వి రాళ్లు తరలిస్తున్నారు. 1816లో మెకంజీ తిరిగొచ్చేసరికి దిన్నె నడుమ చెరువుంది. పలకలు కొన్ని కట్టడాల్లో కలిశాయి, కొన్ని సున్నమైపోయాయి. జమీందారునొక్కణ్ణే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. 1880లో మద్రాసు గవర్నర్ హుకుంతో సాగిన తవ్వకం మిగిలిన దిన్నెనూ ఊడ్చేసింది.

అంతకుముందు కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించిన పలకలు మద్రాసులో ఏళ్లతరబడి పడి ఉండి 1859లో లండన్‌కు ఓడెక్కాయి. బట్టీల్లో కాలిపోయిన పలకల్లో కొన్ని ఎలా ఉండేవో తెలిసేది మెకంజీ మనుషులు గీసిన బొమ్మల వల్లే. ఎగ్మోర్‌లోని చెన్నై మ్యూజియంకు వెళ్తే శిల్పాలతో పాటు పలకల విరిగిన అంచులూ చూడండి. నిమ్మకాయ మాత్రం వద్దు.