కేథరిన్ పార్ ట్రెయిల్: కుటుంబ చరిత్ర

కేథరిన్ పార్ ట్రెయిల్ (1802–1899) ఇంగ్లండ్ నుంచి కెనడా అడవులకు వలస వెళ్లిన రచయిత్రి, ప్రకృతి పరిశీలకురాలు. థామస్ స్ట్రిక్‌లాండ్, ఎలిజబెత్ హోమర్ దంపతుల ఆరుగురు కూతుళ్లు, ఇద్దరు కొడుకుల్లో ఒకరు. సఫోక్‌లోని రేడన్ హాల్‌లో పెరిగారు. 1818లో తండ్రి మరణంతో కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. అక్కలు ఎలిజబెత్, ఆగ్నెస్ ఇంగ్లండ్ రాణుల జీవిత చరిత్రలతో పేరు పొందారు.

తమ్ముడు శామ్యూల్ 1825లోనే కెనడా చేరాడు. 1832లో సైనికాధికారి థామస్ ట్రెయిల్‌ను పెళ్లాడిన కేథరిన్, అదే ఏడు కెనడాకు వలస వెళ్లి, తమ్ముడి పొలం పక్కనే స్థిరపడ్డారు. చెల్లెలు సుసానా మూడీ కూడా ఆ ఏడే వలస వచ్చారు. కేథరిన్‌కు తొమ్మిదిమంది సంతానం. 1857లో ఇల్లు కాలిపోయింది. 1859లో భర్త చనిపోయారు. అయినా ఆమె కలం ఆగలేదు. 1868లో వెలువడిన అడవిపూల గ్రంథానికి ఆమె వివరణలు రాయగా, సుసానా కూతురు ఆగ్నెస్ బొమ్మలు గీశారు; ఆ బొమ్మలకు రంగులను చేత్తోనే అద్దారు. కెనడాలోని లేక్‌ఫీల్డ్‌లో కేథరిన్ కన్నుమూశారు.