ఫ్యూజు దాచిన తప్పు

ఒక యంత్రంలో ఏ పనిని విద్యుత్ వలయాలకు అప్పగించాలి, ఏ పనిని ప్రోగ్రాముకు వదలాలి? ఈ పంపకంలోని పొరపాటు ప్రాణాలు తీసిన ఉదంతమిది.

థెరాక్-20 క్యాన్సర్ రోగులకు రేడియేషన్ చికిత్స చేసే యంత్రం. అందులో కంప్యూటర్ ఉన్నప్పటికీ, ప్రమాదాన్ని అడ్డుకునే రక్షణ వలయాలు విడిగా ఉండేవి. కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్ తర్వాత రూపొందించిన థెరాక్-25లో వాటిని తొలగించి, కాపలా బాధ్యతను చాలావరకు ప్రోగ్రాముకే అప్పగించారు. 1985 జూన్ నుంచి 1987 జనవరి వరకు, తెలిసినంతలో ఆరుగురు రోగులు విపరీతమైన రేడియేషన్‌కు గురయ్యారు, కొందరు మరణించారు.

1986లో టెక్సాస్‌లోని టైలర్‌లో జరిగిన ప్రమాదాలతో ఒక కారణం బయటపడింది. ఆపరేటర్ తెరపై వివరాలను ఎనిమిది సెకన్లలోపు సవరిస్తే, ప్రోగ్రాము ఆ మార్పును పట్టుకోలేకపోయేది.

చిత్రమేమిటంటే, ఆ తప్పు థెరాక్-20లోనూ ఉంది. చికాగో విశ్వవిద్యాలయంలో కొత్త విద్యార్థులు దానిపై శిక్షణ మొదలుపెట్టినప్పుడల్లా ఫ్యూజులు కాలిపోయేవి. యంత్రం ఆగిపోయేది, అంతకుమించి ఏ హానీ జరిగేది కాదు.

పాత యంత్రంలో ప్రమాదాలు జరగకపోవడాన్ని చూసి ప్రోగ్రామును నమ్మారు. ఆ ఘనత నిజానికి ఫ్యూజుది. దొంగలు పడటం లేదు గదా అని కాపలావాణ్ణి మాన్పించినట్లయింది.