చేతులు మారు ధనము

సమానమైన సొమ్ముతో ఆట మొదలిడినవారు కడదాక సమానులుగా నిలుతురా? ఈ ప్రశ్న గణితశాస్త్రమునకే కాదు, మన పల్లెల చరిత్రకును చెందినది.

2000 సంవత్సరమున కలకత్తాలో అనిర్బన్ చక్రబర్తి, బికాస్ చక్రబర్తి, అమెరికాలో ద్రగులెస్కు, యకొవెంకో ధనమును వాయువులోని శక్తితో పోల్చి లెక్కలు కట్టిరి. అణువులు ఢీకొని శక్తిని మార్చుకొనునట్లే మనుష్యులు సొమ్ము మార్చుకొందురు. మొత్తము మాత్రము మారదు. ప్రతిసారి ఒకే మొత్తము చేతులు మారినచో, కొంతకాలమునకు కొద్ది సొమ్ము గలవారు పెక్కురు, అధిక ధనవంతులు కొందరు అగుదురు. ప్రతివాడును కొంత భాగము దాచుకొన్నచో మధ్యతరగతి బలపడును.

వేరొక లెక్క మరింత విచిత్రము. మిర్యాలగూడ బజారున ఒకనికి 100 రూపాయలు, వేరొకనికి 1000 రూపాయలు కలవనుకొందము. ప్రతి బేరమునను పేదవాని సొమ్ములో అయిదవ వంతు పణము, గెలుపోటములు బొమ్మాబొరుసు. పేదవాడు మొదట గెలిచి 120కి చేరినను, పిదప ఓడినచో 96కు దిగును. మొదట ఓడి 80కి దిగి, పిదప గెలిచినను 96యే! రెండవవానికి 1004 చేరును. ఇందు మోసము లేదు. ఐనను ఇట్లే పదిమంది నడుమ బేరములు సాగినచో, తుదకు దాదాపు ధనమంతయు ఒక్కని కడకే చేరును. ఆ ఒక్కడెవడో ముందుగా చెప్పజాలము. ఒక్కడే మిగులుట మాత్రము నిశ్చయము.

నిజాం కాలపు నల్లగొండ జిల్లాలో నాణెమే సరియైనది కాదు. వెట్టిచాకిరి, నాగు ధాన్యపు అప్పులు, దేశముఖుల అధికారము ఒకవైపే మొగ్గెను. సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరములుండెనని పుచ్చలపల్లి సుందరయ్య తమ తెలంగాణా పోరాట గ్రంథమున వ్రాసిరి. న్యాయమైన ఆటయే ధనమును పోగుచేయునన్న, అన్యాయమైన ఆట మాట చెప్పనేల?

1946లో చెలరేగిన రైతుల సాయుధపోరాటము, 1950 నాటి కౌలుదారీ చట్టము, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాకు లభించిన 100 ఎకరముల దానము, 1973 నాటి భూపరిమితి చట్టము — ఇవన్నియు ఆ పోగును కరగించుటకు జరిగిన యత్నములు. 1967లో పారిన నాగార్జునసాగరు నీరు మిర్యాలగూడ, కోదాడ పొలములలో మొత్తము సంపదనే పెంచినది.

అయితే గణితము ఒక హెచ్చరిక చేయుచున్నది. ఒకమారు సమముగా పంచి ఆట నియమములను అట్లే విడిచినచో, ధనము మరల ఒకచోటికే చేరును. ప్రతి ఆవృత్తిలో ప్రతివాని సొమ్మునుండి కొంత వంతు తీసి అందరికి సమముగా పంచినచో, ఆ వంతు చిన్నదైనను, ధనమంతయు ఒక్కని కడ చేరుట ఆగును. కావున పంపకము ఒకనాటి ఉత్సవము కారాదు. ఏటేటి వ్యవసాయమువలె సాగవలెను.