నారింజ రంగు కరెంటు

చదువు నేర్పే కంప్యూటర్ ఆటల్లో ఎక్కువ భాగం ఒకే సూత్రం మీద నడుస్తాయి. లెక్క సరిగ్గా చేస్తే బొమ్మ గెంతుతుంది, తప్పు చేస్తే ఏడుస్తుంది. చేదుమాత్రకి బెల్లం పూత. ఇది ఇప్పటి ఫోన్ యాప్‌లతో వచ్చిన అలవాటు కాదు, ఇళ్ళలోకి కంప్యూటర్లు అడుగుపెట్టిన తొలిరోజుల నుంచీ ఉన్నదే. కానీ ఆ రోజుల్లోనే, 1982లో, ఆపిల్ టూ మీద మాత్రనీ బెల్లాన్నీ విడదీయలేని ఆట ఒకటి వచ్చింది. పేరు రాకీస్ బూట్స్.

చేసినవాళ్ళు వారెన్ రాబినెట్, లెస్లీ గ్రిమ్. అంతకుముందు రాబినెట్ అటారీలో పనిచేశాడు. ఆ కంపెనీ ఆటల మీద రాసినవాళ్ళ పేర్లు వేసేది కాదు. అందుకని అడ్వెంచర్ అనే ఆటలో ఒక రహస్యపు గది కట్టి, అందులో తన పేరు దాచి బయటికొచ్చేశాడు. తర్వాత ద లెర్నింగ్ కంపెనీ స్థాపకుల్లో ఒకడయ్యాడు.

రాకీస్ బూట్స్‌లో తెరమీద మనం ఒక చిన్న చదరం. గదిగదికీ తిరుగుతూ యాండ్, ఆర్, నాట్ గేట్లనీ, ఫ్లిప్-ఫ్లాప్‌లనీ మోసుకొచ్చి కలుపుతాం. ఎదురుగా రకరకాల ఆకారాలు వరసగా వస్తుంటాయి. కొన్నిటికి పాయింట్లు వస్తాయి, కొన్నిటికి పోతాయి. పాయింట్లు వచ్చేవాటినే బూటు తన్నేలా యంత్రం కట్టాలి. కరెంటు నారింజ రంగులో పాకుతూ కనిపిస్తుంది. ఒక్కో గేటు దాటడానికి దానికి కాస్త సమయం పడుతుంది.

ఇంజనీరింగ్‌లో ఎస్‌టీఎల్‌డీ చదివిన నాలాంటివాళ్ళకి గేటు అంటే ముందు గుర్తొచ్చేది సున్నాలూ ఒకట్లూ నింపిన ట్రూత్ టేబుల్. పట్టికలో కాలం ఉండదు. ప్రొపగేషన్ డిలే గురించి మనకి విడిగా చెప్పాలి. ఈ ఆటలో మాత్రం అది కళ్ళముందే జరుగుతుంది: సిగ్నల్ ఆలస్యంగా చేరితే బూటు తప్పు బొమ్మని తంతుంది. ఎందుకలా అయిందో పిల్లవాడు వైరు వెంట చూపుతో వెతుక్కుంటాడు. మేం ఆఫీసులో డీబగ్గింగ్ అనేది దీన్నే.

1984లో మైక్ వాలెస్, గ్రిమ్ చేసిన రోబో ఒడిస్సీ ఇంకో మెట్టు ఎక్కింది. కలలో మంచం మీంచి జారి రోబోల నగరం మురుగుకాలవల్లో పడతాం. రోబోల లోపలికి దూరి, వాటి మెదడుకి వైరింగ్ చేసుకుంటూ బయటపడాలి. కట్టిన సర్క్యూట్‌ని చిప్‌గా మార్చి, ఇక దాని లోపల ఏముందో మర్చిపోయి వాడుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో మేం అబ్‌స్ట్రాక్షన్ అని గొప్పగా చెప్పుకునేదంతా అక్కడ ఉంది. అది కూడా ఒక మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీద!

ఈ ఆట చాలా కష్టం, పెద్దవాళ్ళు కూడా మధ్యలో వదిలేసేంత. దాన్ని ఎక్కువమంది మర్చిపోవడానికి అదొక కారణం అనుకుంటాను. ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. చదువు ఆటలు ఆడేది పిల్లలు, కొనేది పెద్దలు. నక్షత్రాలిచ్చే ఆట పెద్దలకి రోజూ రిపోర్టు ఇస్తుంది. రోబో దగ్గర వారం రోజులుగా ఇరుక్కుపోయిన పిల్లవాడి గురించి ఏ రిపోర్టూ రాదు. వాడు నిజంగా ఆలోచిస్తున్నది మాత్రం ఆ వారంలోనే.

ఈ ఆటలు ఇప్పటికీ ఎమ్యులేటర్లో నడుస్తాయి. ఇంట్లో పదేళ్ళ పిల్లలుంటే ఇచ్చి చూడండి. ఎన్ని పాయింట్లు వచ్చాయని మాత్రం అడక్కండి.